ఫైరు మామ గడ్డం

మొన్న మా మనవడి పేర ఒక చిన్న పార్సిల్ వచ్చింది. అరచేతిలో ఇమిడే అట్టపెట్టె. లోపల రెండంచుల బ్లేడ్లు, రకానికి కొన్ని చొప్పున, ఒక్కో రకం ఒక్కో రంగు కాగితంలో. వాడు వాటిని భోజనాల బల్ల మీద పేకముక్కల్లా పరిచి, ఫోనులో ఎవరెవరో రాసిన అభిప్రాయాలు చదువుతూ కూర్చున్నాడు.

"తాతా, ఇదంట నంబర్ వన్. దీనికన్నా పదునైంది లేదంటన్నారు అందరూ" అని ఒకటి నా ముందుకు తోశాడు.

వాడికి అచ్యుతాపురంలో ఈమధ్యే ఉద్యోగం వచ్చింది. రసాయనాలు కలిపే విభాగం. ముఖానికి మాస్కు బిగించుకుంటే గానీ లోపలికి పంపరు. గడ్డం మీద మాస్కు అతకదు కాబట్టి రోజూ గీసుకుని వెళ్ళాలి. కాలేజీలో ముచ్చటపడి పెంచుకున్న గడ్డం తీసేసిన నాటి నుంచీ వాడి దవడ కిందా మెడ మీదా ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి. వరసగా ఐదు బ్లేడ్లుండే ఖరీదైన రేజరు వాడి చూశాడు. పొక్కులు పెరిగాయే తప్ప తగ్గలేదు. దాంతో ఈ పాతకాలం బ్లేడ్ల మీద పడ్డాడు.

నేను ఆ నంబర్ వన్ బ్లేడు తీసి కాగితం విప్పాను. పైన దళసరి కాగితం, లోపల మైనపు కాగితం, దానికి అంటీ అంటనట్టు సన్నటి నూనె వాసన. ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆ నూనె వాసన వెనకాల మరో వాసన తగిలింది. అది బ్లేడుది కాదు. అరటిపండుది. బల్ల మీద అరటిపళ్ళు లేవు. నవ్వొచ్చింది.

"ఏటి తాతా, నవ్వుతన్నావ్?" అన్నాడు వాడు.

డైరీ రాయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. కానీ ఆ రోజుల డైరీల్లో పరీక్షలూ, తుఫాన్లూ, ఎవరింటికి ఏ చుట్టాలొచ్చారన్నదీ తప్ప ఈ సంగతి సరిగా రాసుకోలేదు. అప్పుడది రాసుకోవలసినంత పెద్ద సంగతిగా అనిపించలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

* * *

మల్కాపురంలో పోర్టు పనివాళ్ళూ ఆయిలు కంపెనీ పనివాళ్ళూ కలిసి ఉండే పెంకుటిళ్ళ వరస ఒకటి ఉండేది. దాన్ని లైను అనేవాళ్ళం. మా నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. గాలి ఒకవైపు నుంచి వీస్తే కిరసనాయిలు వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసన. వేసవిలో ఇనప ఖనిజం దుమ్ము లేచి వచ్చేది. ఆరేసిన పంచెలు సాయంత్రానికి ఇటిక రంగుకు తిరిగేవి. అమ్మ వాటిని దులుపుతూ, "మన బట్టలకి అద్దకం అక్కర్నేదు, రంగు గాలే ఏసీస్తాది" అనేది.

ఆదివారం పొద్దున్న లైను చివర కొళాయి దగ్గర గడ్డాలు గీసుకునే సందడి ఉండేది. అద్దాలు కిటికీ ఊచలకి వేలాడేవి. సత్తు గిన్నెలో సబ్బు ముక్క, అరిగిపోయిన కుంచె, గోచీగుడ్డంత తువ్వాలు, పటిక ముక్క. ఒకరి నురగ ఇంకొకరు అరువు తెచ్చుకునేవాళ్ళు. అందరి రేజర్లూ ఒకలాంటివే, పిడి తిప్పితే మూత లేచేవి. తేడా అంతా లోపల పెట్టే బ్లేడుదే. అందుకని మాటలన్నీ బ్లేడు చుట్టూ తిరిగేవి.

మా నాన్న దగ్గర ఏ బ్లేడుకైనా మూడు ప్రశ్నలుండేవి. "తెగుద్దా? మండుద్దా? ఎన్నాళ్ళొస్తాది?" ఈ మూడింటికీ జవాబు చెప్పందే ఏ బ్లేడునీ మంచిదని ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడు ఫోనుల్లో పేజీల కొద్దీ రాస్తున్నదంతా వెతికితే ఆ మూడు ప్రశ్నలే.

నాన్నకి ఇంకో విద్య ఉండేది. బ్లేడుని చెవితో చూసేవాడు. క్రేను మీద ఉక్కు తాడు చప్పుడు వింటూ బతికిన మనిషి. ఎవరైనా గీసుకుంటుంటే కళ్ళు మూసుకుని పక్కన నిలబడేవాడు. సర్రుమని ఒకే మాదిరి శబ్దం వస్తే తలూపేవాడు. గరగరలాడితే, "అది కొయ్యట్నేదు, పీకతంది" అనేవాడు. అలా చెప్పిన చోట ఆ మనిషి చెంప తడుముకుంటే నిజంగానే ఎర్రగా ఉండేది. ఆ చెవిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

మా లైనులో బ్లేడుకి చావుండేది కాదు. మొద్దుబారిందనిపిస్తే గాజు గ్లాసులో నీళ్ళు పోసి, లోపలి గోడకి బ్లేడుని వేలితో అదిమి అటూ ఇటూ రుద్దేవాళ్ళు. దాంతో ఇంకో రెండు గడ్డాలొచ్చేవి. గడ్డానికి పనికిరాకపోతే అది అమ్మ దగ్గరికి వచ్చేది, కుట్లు విప్పడానికి. తరవాత సగానికి విరిచి నాకు, పెన్సిలు చెక్కుకోవడానికి. చివరి ముక్క కేలండరు మూలన కాగితంలో దూరి ఉండేది, గోళ్ళ కోసం. అంత పల్చటి రేకు ఇంటిల్లిపాదికీ పనిచేసేది.

ఈ సంగతి జరిగిన ఏడు నాకు మీసం నూగుగా వచ్చింది. నాన్న కొత్త రేజరు కొనకుండా తన పాతది ఇచ్చాడు. కొళాయి దగ్గర పెద్దవాళ్ళ వరసలో నిలబడడం నాకు ఉద్యోగం వచ్చినంత గొప్ప. నా చెంప మీద గీయడానికి ఏమీ లేదని అందరికీ తెలుసు.

"నురగే తీత్తన్నాడు గుంటడు, లోపలేటీ నేదు" అనేవాడు ఫైరు మామ.

* * *

ఫైరు మామది మా పక్కిల్లు. వాళ్ళు క్రైస్తవులు. మాకు చుట్టరికం లేదు గానీ నాన్నా ఆయనా బావా బావా అనుకునేవాళ్ళు కాబట్టి నాకు మామ. ఆయిలు కంపెనీ అగ్నిమాపక దళంలో పనిచేసేవాడు. అక్కడ సైరను పరీక్షకి మోగించినా సరే, అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. భారీ మనిషి, కుర్చీలో పట్టేవాడు కాదు. గొంతు మాత్రం మెత్తన. ఆయన భార్యని నేను అత్త అనేవాణ్ణి. ఆవిడ చర్చిలో పాట ఎత్తుకుంటే మా ఇంటికి వినిపించేది.

మామ గడ్డం మామూలు గడ్డం కాదు. నల్లటి ఉంగరాల వెంట్రుక. గీసిన రెండో రోజుకే చెంపంతా పొక్కులు, మెడ మీద చిన్న చిన్న చీము గడ్డలు. వాటి మీద మళ్ళీ గీస్తే రక్తం. అత్త ఆయన మొహం మీదే మా అమ్మతో అనేసేది.

"ఆ మొకం సూడు వదినా. పనసకాయకి టోపీ ఎట్టినట్టు నేదూ?"

మామ నవ్వేవాడు. ఒక సాయంత్రం మాత్రం నవ్వలేదు. డ్యూటీ దిగి నేరుగా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అమ్మ టీ ఇచ్చింది. షిప్పు బాబాయి కూడా అక్కడే ఉన్నాడు. ఓడలకి కూరగాయలూ మాంసమూ సరఫరా చేసే ఒక కంపెనీలో పని ఆయనది. దేశదేశాల నావికులతో తిరిగేవాడు. నాన్నని అన్నయ్య అనేవాడు.

"అరటిపండు వాసనొచ్చీసింది బావ" అన్నాడు మామ.

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. పొగలోకి వెళ్ళే వాళ్ళందరికీ నెలకోసారి మాస్కు పరీక్ష. మాస్కు తొడుక్కుని చిన్న గదిలో నిలబడాలి. అరటిపండు వాసన వేసే ఒక మందుని ఆఫీసరు ఆ గదిలో వదులుతాడు. మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కుంటే ఏ వాసనా రాదు. అరటిపండు వాసన తగిలిందంటే ఎక్కడో సందు ఉన్నట్టు. నిజం పొగ కూడా ఆ సందులోంచే వస్తుంది. మామకి పొక్కుల భయంతో రెండేసి రోజులు గీయకుండా ఉండడం అలవాటు. ఆ పెరిగిన గడ్డం మీద మాస్కు కూర్చోలేదు. కిందటి నెల వాసన వచ్చింది. ఈ నెలా వచ్చింది.

"మూడోసారీ వచ్చిందంటే దళంలోంచి తీసి గొట్టాల స్టోరులో ఏసేత్తారంట" అన్నాడు.

షిప్పు బాబాయి తేలిగ్గా తీసుకున్నాడు. "వాసన రానేదని సెప్పీవలసింది బావ. నీ ముక్కులోకి దూరి ఎవుడు సూత్తాడు?"

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "లోపలికి ఇద్దరిద్దరం ఎల్తాం. నా జట్టోడు నన్ను నమ్ముకునే వస్తాడు. పొగ పీల్సి నాను పడిపోనాననుకో, ఆడు నన్ను ఒగ్గీసి రాడు. ఇద్దరం అక్కడే ఉండిపోతాం. అలాటప్పుడు అబద్దం ఎలాగ సెప్పీమంటావ్?"

 నాన్న అన్నాడు. "రోజూ గీసినా పొక్కు రాని బ్లేడు ఎక్కడో ఉంతాది బావ. ఎతుకుదాం."

అలా మొదలైంది.

* * *

నాన్న ఏ పనికైనా పద్ధతి పెట్టేవాడు. దీనికీ పెట్టాడు. ఒకే సబ్బు, ఒకే నీళ్ళు, ఒకే పొద్దు. ముందు దుమ్ము పోయేలా ముఖం కడుక్కోవాలి, లేకపోతే ఖనిజం నలుసుకే బ్లేడు అంచు పోతుంది. ఎడమ చెంపకి ఒక బ్లేడు, కుడి చెంపకి ఇంకోటి. అప్పుడు మనిషి మారడు, గడ్డం మారదు, బ్లేడు ఒక్కటే మారుతుంది. మామకి పెట్టే ముందు మేం చూసుకోవాలి. నాన్నది ఇనప తీగలాంటి గడ్డం. షిప్పు బాబాయిది పల్చటి చర్మం, గట్టిగా చూస్తేనే కందిపోతుంది. నాది లేత చెంప. "మూడు రకాల నేలలూ మన దగ్గిరే ఉన్నాయి, ఇంకేటి?" అన్నాడు నాన్న. నన్ను ఒక నేలగా లెక్కవేసినందుకు నేను వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

మొదటిది నీలం కాగితం బ్లేడు. కిరాణా కొట్టులో అట్టకి కుట్టి దారానికి వేలాడదీసేవాళ్ళు. మా లైనులో ప్రతి ఇంట్లోనూ ఉండేది అదే. దానికి పదునని గొప్పలు లేవు. మొదటి గీతకి కాస్త గరుకు, నురగ ఎక్కువ పెట్టుకోవాలి. కానీ మంట లేదు, పైగా గ్లాసులో రుద్దితే లేచి కూర్చునేది. రెండోది ఎర్ర కాగితంది. తుప్పు పట్టని రకం, నీలందానికన్నా మెరుపు. చక్కగా తెగేది. మూడోది సెలూన్ల వాళ్ళు వాడే నల్ల బ్లేడు. మొదటి రోజు కత్తి, రెండో రోజు రేకు. తడి తుడవకపోతే తెల్లారేసరికి గోధుమరంగు మచ్చలు.

నాలుగోది షిప్పు బాబాయి తెచ్చాడు. ఒక ఓడ వంటవాడు స్నేహంగా ఒక పెట్టె ఇచ్చాడట. తెల్ల కాగితం మీద మాకెవరికీ చదవడం రాని అక్షరాలు. విప్పితే లోపల అద్దంలా ఉంది. వంచితే ఒంగి, వదిలితే టింగుమని నిలబడింది. నాన్న దాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు. అంచు ఎక్కడ ముగిసి గాలి ఎక్కడ మొదలవుతోందో కనిపించలేదు.

"సేసినోడెవడో గాని, దండం ఎట్టాల" అన్నాడు.

నాన్న చెంప మీద అది వెళుతుంటే శబ్దమే లేదు. కళ్ళు మూసుకుని వింటున్న షిప్పు బాబాయి, "గీత్తన్నావా అన్నయ్యా, ఆపీసినావా?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం నేనూ ఆ బ్లేడు గొప్ప చూద్దామని చేతి మీద వెంట్రుకలు ఒక గీత తీశాను. ఎంత హాయిగా వచ్చాయంటే ఆపబుద్ధి కాలేదు. మణికట్టు నుంచి మోచేయి దాకా పొలం కోసినట్టు అయిపోయింది. ఎండాకాలంలో నిండు చేతుల చొక్కా వేసుకుని తిరుగుతుంటే అమ్మకి అనుమానం వచ్చింది. చెయ్యి మడిచి చూసి, "ఓలమ్మ, కోడిపెట్టని ఒలిసినట్టు ఒలుసుకున్నాడు" అని లైనంతా వినిపించేలా అంది. ఆ తరవాత చాలా రోజులు నన్ను చూసి పిల్లలు కొక్కొరొకో అనేవాళ్ళు.

బ్లేడుకి చివరి తీర్పు మాత్రం అరచేతిది. గీయడం అయ్యాక ఒకరి చెంప మీద ఇంకొకరు అరచేత్తో కింద నుంచి పైకి, వెంట్రుకకి ఎదురు దిశలో రుద్ది చూడాలి. ఎక్కడా గరుకు తగలకూడదు. అలా రావాలంటే మొదట పై నుంచి కిందికి గీసి, మళ్ళీ నురగ పెట్టి కింద నుంచి పైకి గీయాలి. దాన్ని ఉల్టా కొట్టడం అనేవాళ్ళం. ఉల్టా కొట్టని గడ్డం గడ్డమే కాదు మా లైనులో. సెలూన్లోనూ అంతే.

షిప్పు బ్లేడుతో ఉల్టా కొట్టిన చెంప మీద అరచెయ్యి జారిపోయింది. ఇంకేమీ చూడక్కర్లేదని అందరం అనుకున్నాం. మిగిలిన షిప్పు బ్లేడ్లన్నీ మామకే.

* * *

ఆ ఆదివారం మామ ముఖం నేను మరిచిపోలేను. వంకాయలా నిగనిగలాడింది. అత్త అందరి ముందూ ఆయన చెంప మీద అరచెయ్యి పైకి తోసి, "పెళ్ళినాడు కూడా ఇలగ నేదు" అంది. చర్చికి వెళుతుంటే లైనంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. మామ తెల్ల చొక్కా వేసుకుని ఎవరి వైపూ చూడకుండా నడిచాడు. సంతోషం అణుచుకోవడం ఆయనకి చేత కాదు, చెవులు ఎర్రబడ్డాయి.

వారం మధ్యకి వచ్చేసరికి పొక్కులు లేచాయి. అంతకుముందుకన్నా ఎక్కువ. నున్నగా తెగిన ప్రతి చోటా ఒక ఎర్ర బొడిపె. నాన్నకి అంతుపట్టలేదు. నీళ్ళు మరిగించి చూశాడు. సబ్బు మార్చాడు. బ్లేడుని పటిక నీళ్ళలో ముంచాడు. ఇంకా దగ్గరగా తీస్తే వేర్లతో పోతాయేమోనని మూడో గీత కూడా గీయించాడు. మామ అన్నీ చేయించుకున్నాడు. పొక్కులు పుళ్ళయ్యాయి. గీయడం ఆపాల్సి వచ్చింది. ఆపితే గడ్డం పెరిగింది. పరీక్ష దగ్గరికొచ్చింది.

మామ అరటిపళ్ళు తినడం మానేశాడు. మా ఇంట్లో ఎవరైనా పండు ఒలిస్తే లేచి వెళ్ళిపోయేవాడు. షిప్పు బాబాయి ఒకరోజు వేళాకోళానికి ఒక పండు ముక్కు దగ్గర పెట్టబోతే, ఎన్నడూ కోపం తెచ్చుకోని మనిషి, ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తోసేశాడు.

అత్త మా అమ్మతో వంటింట్లో అంటుంటే విన్నాను. "స్టోరులో ఏసీమను వదినా. నాకు రాత్రులు నిద్రన్నా పడతాది. సైరను ఇంటే నా పేణం ఎక్కడికో ఎల్లిపోతాది."

"ఆ మాట మావాడితో అన్నావేటి?" అంది అమ్మ. మామని అమ్మ మావాడనే అనేది.

"ఎలాగంతాను? ఆ టోపీ తీసేస్తే ఈ మనిసి బతకడు." అలా అన్న అత్తే పరీక్ష రోజు కోడి కూయకముందు లేచి మామ గడ్డానికి నీళ్ళు కాచింది.

* * *

ఆ పొద్దున్న కొళాయి దగ్గర మేం నలుగురం. మామ ముఖం కడుక్కుంటేనే మంట. షిప్పు బ్లేడు కొత్తది ఒకటి మిగిలి ఉంది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని మళ్ళీ కాగితంలో పెట్టేశాడు. తన రేజరు విప్పి అందులో ఉన్న నీలం కాగితం బ్లేడు తీశాడు. అప్పటికే రెండు గడ్డాలు గీసింది. గ్లాసులో నాలుగుసార్లు రుద్ది మామకిచ్చాడు.

"పుండు మీద అంత పదును ఎట్టకు బావ. మెల్లిగా దీనితో ఒక సుట్టు కిందికి లాగీ. మళ్ళీ నురగెట్టి ఉల్టా కొడుదుగాని."

మామ పై నుంచి కిందికి గీశాడు. గరగరమంది. నాన్న ముఖం చిట్లించుకున్నాడు. మెడ దాకా పూర్తయింది. రెండోసారి నురగ కోసం కుంచె తడిపాడో లేదో, రోడ్డు మీద కంపెనీ వ్యాను హారను. రోజూ వచ్చే వేళ కన్నా ముందే వచ్చేసింది. ఆ వేళ పరీక్ష ఎండెక్కక ముందే పెట్టారట. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయలేదు.

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఉల్టా లేదు. పటిక కూడా ఒక చెంపకే తగిలింది. వెళ్ళబోతూ అలవాటుగా నాన్న ముందు చెంప పెట్టాడు. నాన్న కింద నుంచి పైకి రుద్దాడు. చెయ్యి ఆగింది. మామ నాన్న కళ్ళలోకి చూశాడు.

"గరుగ్గా ఉందా?"

"కొంచెం" అన్నాడు నాన్న. ఆయనకి అబద్ధం రాదు.

మామ టోపీ పెట్టుకుని వ్యాను ఎక్కాడు. నాన్న డ్యూటీకి వెళ్ళే దాకా ఆ నీలం బ్లేడుని కడుగుతూనే ఉన్నాడు, అదేదో దాని తప్పయినట్టు.

ఆ రోజు అత్త చేపల పులుసు పెట్టి పొయ్యి మీద మరిచిపోయింది. లైనంతా మాడు వాసన. సాయంత్రం నాన్న పోర్టు నుంచి వచ్చి బట్టలు మార్చుకోకుండా అరుగు మీద కూర్చున్నాడు. షిప్పు బాబాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. వ్యాను వచ్చే వేళ దాటింది. మామ రాలేదు. స్టోరు తాళాలు అప్పగిస్తున్నారేమోనని ఎవరికి వాళ్ళం అనుకున్నాం.

మసక చీకటి పడుతుండగా లైను మొదట్లో మామ కనిపించాడు. నడిచొస్తున్నాడు. భుజం మీద చక్కెరకేళి గెల.

వచ్చి గెల మా అరుగు మీద దించాడు. ఒక పండు తుంచి, ఒలవకుండా ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా గాలి పీల్చాడు.

"దీని వాసన సూసి ఎన్నాళ్ళయినాది" అన్నాడు.

అత్త గుమ్మంలో నిలబడిపోయింది. "అంటే రానేదా?"

"ఏటీ రానేదు. నాకే నమ్మకం సాల్లేదు. మొకంమీద గరుకుంది కదా, మందు అయిపోయిందేమో, ఇంకోపాలి ఎయ్యండి సారూ అన్నాను. ఆఫీసరు నవ్వీసి మళ్ళీ ఏసినాడు. అప్పుడూ రానేదు."

నెగ్గిన పరీక్షని మళ్ళీ పెట్టమని అడిగిన మనిషిని నేను తరవాత కాలంలో ఇంకొకర్ని చూడలేదు. అత్త ముఖం కొంగులో పెట్టుకుంది. అది సంతోషమో భయమో నాకు అప్పుడు తెలియలేదు. బహుశా రెండూ. ఆ రాత్రి లైనులో అందరిళ్ళలోనూ మాడిన పులుసు, చక్కెరకేళీలు. మాడినా ఆ పులుసు బాగుందనే చెప్పాం.

* * *

నాన్నకి మాత్రం ఆ రోజుతో అయిపోలేదు. కారణం తెలియని గెలుపు ఆయనకి పడదు. మామని ఉల్టా కొట్టొద్దన్నాడు. రోజూ పొద్దున్నే, నీలం బ్లేడుతో, ఒక్క చుట్టు కిందికి. అంతే. లైనులో మిగతావాళ్ళు నవ్వారు. నెల తిరిగేసరికి మామ మెడ మీద పుళ్ళు ఆరిపోయాయి. పొక్కులు ఒకటీ అరా తప్ప లేవు. అరచేత్తో పైకి రుద్దితే కాస్త గరుగ్గా ఉండేది, కళ్ళతో చూస్తే శుభ్రంగా ఉండేది.

ఒక ఆదివారం కొళాయి దగ్గర నాన్న అద్దంలో తనని తాను చూసుకుంటూ ఉన్నట్టుండి రేజరు దించాడు.

"మనం తప్పు పరీచ్చ ఎట్టినాం బావ" అన్నాడు. "మన సెయ్యి పైకి రుద్ది సూసింది. మాస్కు పైకి రుద్దదు కదా. ఊరికే ఆనుకుని కూకుంతాది. దానికి ఆ రోజు గీసిన మొకమైతే సాలు. నున్నగా కావలసింది మన సేతికి."

అందరూ ఆగిపోయి విన్నారు. నాన్న వేలితో చూపిస్తూ చెప్పాడు. ఉంగరాల వెంట్రుకని మరీ లోపలికి కోసేస్తే దాని మొన చర్మం కింద ఉండిపోతుంది. అది పైకి రావడానికి దారి వెతుక్కుంటూ ఒంగి పక్కకి పొడుచుకుంటుంది. అదే పొక్కు. షిప్పు బ్లేడు తన పని తాను బ్రహ్మాండంగా చేసింది. మన మామకి ఆ పని అక్కర్లేదు.

"అయితే షిప్పు బ్లేడు మంచిది కాదంటావా?" అన్నాడు షిప్పు బాబాయి, కొంచెం చిన్నబోయి.

"దానంత బ్లేడు నాను సూళ్ళేదు తమ్ముడూ. నాకు అదే కావాల. మళ్ళీ ఓడొస్తే తే."

ఆ తరవాత మా లైనులో ఒక కొత్త మర్యాద పుట్టింది. ఒకరి చెంప ఒకరు చూసేటప్పుడు, మిగతా అందరికీ అరచెయ్యి పైకే వెళ్ళేది. ఫైరు మామకి మాత్రం పై నుంచి కిందికి. ఎవరూ చెప్పుకుని చేసింది కాదు, అలవాటైపోయింది.

మామ దళంలోనే ఉండి, దళంలోనే రిటైరయ్యాడు. ఆఖరి రోజు ఆయన జట్టువాడు భుజం మీద చెయ్యి వేసి ఇంటి దాకా దింపి వెళ్ళాడు. ఆ లైను ఇప్పుడు లేదు. పెంకుటిళ్ళు పడగొట్టి లారీలు నిలిపే చోటు చేశారు. అటు వెళ్ళినప్పుడు కొళాయి ఉన్న చోటు గుర్తుపట్టాలని చూస్తాను, కుదరదు. కిరసనాయిలు వాసన మాత్రం గాలి తిరిగితే ఇప్పటికీ వస్తుంది.

* * *

మనవడి పార్సిల్లో ఉన్న రకాలన్నీ నేను నాన్న పద్ధతిలోనే చూశాను. ఒకే సబ్బు, ఒకే నీళ్ళు, ఎడమకొకటి కుడికొకటి. వాడి నంబర్ వన్ నిజంగానే గొప్ప బ్లేడు. ఉందో లేదో తెలియనట్టు వెళుతుంది. నా చెంపకి అది రెండో స్థానం. ఈ వయసులో చర్మం వదులైపోయింది, అంత పదునుని లాగి పట్టుకునే ఓపిక వేళ్ళకి లేదు. నాకు ఆకుపచ్చ కాగితంది హాయిగా ఉంది, ఎక్కువ గడ్డాలకీ వస్తోంది. వాడికి ఇంకొకటి నచ్చింది. అన్నిటికన్నా చవక రకం, ఫోనులో ఎవరూ పట్టించుకోనిది.

"ఇంతకీ తాతా, ఏది బెస్టు?" అన్నాడు.

"ఎవరి చెంపకి?" అన్నాను.

ఫైరు మామ కథంతా అప్పుడే చెప్పాను. పొక్కులకి వాడి నాన్న డాక్టరుకి చూపిస్తే ఆ డాక్టరూ అదే చెప్పాడు, ఎదురు గీత మానమని. వాడు మానేశాడు. ఇవాళ వాడికి కంపెనీలో మాస్కు పరీక్ష. ఇప్పుడు అరటిపండు వాసన కాదట, ఏదో చేదు మందు చల్లుతారట, నాలిక మీద చేదు తెలిస్తే తప్పినట్టు. పొద్దున్నే గీసుకుని, బ్యాగు తగిలించుకుని, బస్సుకి వెళుతూ నా కుర్చీ దగ్గర ఆగాడు. వంగి చెంప పెట్టాడు.

నా అరచెయ్యి కింద నుంచి పైకి వెళ్ళబోయింది. జీవితమంతా అలాగే చూసిన చెయ్యి కదా. సగంలో ఆపుకున్నాను. పైనుంచి, కణత దగ్గర మొదలుపెట్టి, దవడ దాకా మెల్లిగా కిందికి దించాను.

"బాగుందిరా" అన్నాను. "ఎల్లు."